అంబులెన్సు నడుపు మన బిడ్డల శిక్షణ: సంఘము బాధ్యత

మన పత్రికలో నూలు ధరలను గూర్చియు, జరీ నాణ్యమును గూర్చియు, సహకార సంఘముల బాకీలను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ మారు మోటారు బండిని గూర్చి వ్రాయుచున్నాము. నేతవారి పత్రికకు ఇది తగిన విషయమా యని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. మన యిండ్లలో కండ్లయెదుట జరుగుచున్న మార్పును చూచువారికి ఈ ప్రశ్న కలుగదని మా నమ్మకము.

బెంగుళూరు కబ్బన్‌పేట సందులలో మగ్గపు చప్పుడు సన్నగిల్లి చాలకాలమైనది. దొడ్డబళ్ళాపురములోను, యలహంకలోను మరమగ్గములు ఆడుచునే యున్నవి గాని, సూరతు నుండి వచ్చిపడు చవుక చీరల ముందు మన సరకు నిలుచుట నానాటికి కష్టమగుచున్నది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము చేనేతలోను, దాని అనుబంధ పనులలోను ఉన్నవారు దేశమంతట 35 లక్షలకు పైబడియున్నారు. నేత కుటుంబములలో మూడింట రెండు వంతులవారికి నెల రాబడి 5,000 రూపాయలకు లోపే యని ఆ గణనయే తేల్చినది. ఈ లెక్క చూచిన తండ్రి యెవడును తన కుమారుని మగ్గము విడువవద్దని కట్టడి చేయజాలడు.

మగ్గము విడిచిన మన పిల్లలలో కొందరు చదువుకొని ఆఫీసులకు పోవుచున్నారు. చదువు మధ్యలో ఆగినవారు పలువురు స్టీరింగు పట్టుచున్నారు. టాక్సీలు, సరకు బండ్లు, బడి బస్సులు నడుపుచున్నారు. వారిలో కొందరు అంబులెన్సు సీటు మీదికి చేరుచున్నారు. ఎట్లు చేరుచున్నారు? తెలిసినవారొకరు “బండి ఖాళీగా ఉన్నది, రేపటినుండి రమ్ము” అందురు. మరునాడు వీడు వెళ్ళును. తాళపుచెవి చేతికి వచ్చును. ఆ సాయంకాలమే గుండెనొప్పి వచ్చిన మనిషి వెనుక పరుండియుండును. నేర్పినవారు లేరు, నేర్చుకొనుటకు వ్యవధి లేదు.

మేము చెప్పదలచినది ఇంతే: అంబులెన్సు నడుపుట ప్రత్యేకమైన వృత్తి, దానికి ప్రత్యేకమైన శిక్షణ కావలెను, ప్రభుత్వము ఆ శిక్షణను తప్పనిసరి చేయువరకు మన సంఘమే పూనుకొని మన పిల్లలకు దానిని ఇప్పించవలెను.

చట్టము చెప్పునది

ముందు చట్టమును చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపువానికి 20 ఏండ్లు నిండియుండవలెను. అట్టి లైసెన్సు నేర్చుకొనుటకు ముందు తేలిక మోటారు వాహనపు లైసెన్సు కనీసము ఒక సంవత్సరము చేత నుండవలెను. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నిబంధన పూర్వము ఉండెడిది; దానిని 2019లో తీసివేసినారు. 7,500 కిలోగ్రాములు మించని రవాణా బండ్లకు తేలిక వాహనపు లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. మన వీథులలో తిరుగు అంబులెన్సులు చాలవరకు ఈ బరువునకు లోబడినవే. అనగా పెండ్లివారిని ఎక్కించుకొను కారునకును, ప్రాణముమీదికి వచ్చినవానిని మోయు బండికిని డ్రైవరు విషయములో చట్టము గొప్ప భేదము చూపుట లేదు.

బండి విషయములో మాత్రము భేదము చూపినది. అంబులెన్సులను నాలుగు తరగతులుగా విభజించి, ఏ తరగతి బండిలో ఏమేమి ఉండవలెనో, రోగి పరుండు చోటు ఎంత ఉండవలెనో, దీపములు ఎట్లుండవలెనో కొలతలతో సహా ప్రమాణము ఏర్పరచినారు. మంచిదే. బండికి ప్రమాణమున్నది, నడుపువానికి లేదు.

ఇంకొక సంగతి చూడుడు. పెట్రోలు, ఆసిడ్ల వంటి అపాయకరమైన సరకు మోయు టాంకరు డ్రైవరు మూడు దినముల ప్రత్యేక శిక్షణ పొందవలెననియు, ఆ సంగతి అతని లైసెన్సు మీద వ్రాయించుకొనవలెననియు కేంద్ర మోటారు వాహన నియమములలో స్పష్టముగా ఉన్నది. ఆ శిక్షణలో ప్రథమ చికిత్స సైతము చేరియున్నది. ఇది న్యాయమే, టాంకరు బోల్తాపడినచో వీథి వీథియంతయు తగులబడును. అయితే పెట్రోలు మోయువానికి మూడు దినముల చదువు కావలసివచ్చినప్పుడు మనిషిని మోయువానికి ఒక్క దినమైనను అక్కరలేదా? ఆ నియమములలోనే అంబులెన్సు డ్రైవరునకు ఇట్టి శిక్షణ ఒకటి చేర్చుమని అడుగుట అత్యాశ కాదు.

శిక్షణ అసలే లేదని మేము అనుట లేదు. 108 సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో, మన తెలుగు నేలమీదనే, ఆరంభమైనది. కర్ణాటకలో అదే సేవ 2008 నవంబరులో ‘ఆరోగ్య కవచ’ అను పేరుతో మొదలైనది. ఆ సేవలో డ్రైవరును పైలట్ అందురు. అతని వెంట వైద్య సహాయకుడు ఒకడుండును. పైలట్లకు కొంత శిక్షణ ఇచ్చియే బండి ఎక్కించుట ఆ సేవలో వాడుక. మా చింత ఆ వరుస వెలుపల ఉన్నవారిని గూర్చి. ఆసుపత్రుల వాకిళ్ళలో నిలిచియుండు ప్రైవేటు బండ్లు నగరములో కొల్లలుగా ఉన్నవి. వానిలో పలుచోట్ల డ్రైవరు ఒక్కడే. వెనుక రోగియు, ఏడ్చుచున్న బంధువులును మాత్రమే. మన పిల్లలు ముందుగా చేరునది ఇట్టి బండ్లలోనే.

పనిలో కావలసిన నేర్పు

నాడె విసరుట వచ్చినంతమాత్రమున వానిని నేతగాడని మన పెద్దలు అనలేదు. పడుగు చేయుట, అచ్చు అతుకుట, పోగు తెగినచోటు కనిపెట్టి ముడివేయుట, రంగు రంగుతో కలియుట చూచుట, ఇవన్నియు వచ్చిన పిమ్మటనే పట్టుచీర మగ్గము ముందు కూర్చుండనిచ్చెడివారు. స్టీరింగు త్రిప్పుట నాడె విసరుట వంటిది. తక్కినదంతయు నేర్చుకొనవలసియున్నది. ఆ తక్కినదేమో చెప్పుచున్నాము.

మొదటిది బండి పరీక్ష. వంతు మొదలైనప్పుడు టైర్లు, బ్రేకులు, డీజిలు చూచుట ఏ డ్రైవరైనను చేయును. అంబులెన్సు డ్రైవరు ఆక్సిజన్ సిలిండరులో ఎంత మిగిలినదో చూడవలెను. మారు సిలిండరు ఉన్నదో లేదో చూడవలెను. స్ట్రెచరు చక్రములు బిగియుచున్నవా, పట్టీలు తెగలేదా యని చూడవలెను. ఆక్సిజన్ అయిపోయిన సంగతి హెబ్బాళ వంతెన మీద తెలిసిన ప్రయోజనమేమి?

రెండవది నడుపు తీరు. వేగముగా పోవువాడే మంచి అంబులెన్సు డ్రైవరని జనములో ఒక భ్రమ యున్నది. వెన్నెముక దెబ్బతిన్నవానికి ఒక్క కుదుపు చాలును, జన్మమంతయు మంచము పట్టుటకు. అదటున బ్రేకు త్రొక్కినచో వెనుక నిలిచి సూది వేయుచున్న సహాయకుడు పడిపోవును. బండి పరుగెత్తుచుండగా గుండె మీద ఒత్తుచున్నవాని చేతులు నిలువవు. కావున ఎప్పుడు త్వరపడవలెను, ఎప్పుడు మెల్లగా పోవలెను అనునది తెలిసియుండవలెను. అత్యవసర బండి డ్రైవరు తగు జాగ్రత్తతో ఎఱ్ఱదీపము దాటవచ్చునని 2017 నాటి నడుపుదల నిబంధనలు సెలవిచ్చినవి. ‘తగు జాగ్రత్త’ యనగా ఏమో ఎవరు నేర్పుచున్నారు? కూడలిలో వేగము తగ్గించి, ఒక్కొక్క వరుస బండ్లు ఆగినవని కంటితో చూచుకొని మరి దాటుట అభ్యాసము చేయవలసిన పని. సైరను మ్రోగించినంతనే దారి తనదని తలచువాడు తన బండిలోని రోగితోపాటు ఎదుటివానిని సైతము ఆసుపత్రికి చేర్చును.

మూడవది ప్రథమ చికిత్స. డ్రైవరు వైద్యుడు కానక్కరలేదు. కాని రక్తము కారుచోట గుడ్డ పెట్టి గట్టిగా అదుముట, మెడ కదలకుండ మనిషిని ఎత్తుట, మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు త్రిప్పుట, ఊపిరి ఆడుచున్నదో లేదో చూచుట వచ్చియుండవలెను. గుండె ఆగినవానికి ఛాతీమీద నిమిషమునకు 100 నుండి 120 మార్లు, పెద్దవారికి కనీసము 5 సెంటీమీటర్లు దిగునట్లు ఒత్తవలెను. ఇది ఎంత బలమైనవానినైనను త్వరగా అలయించును. అందుచేత రెండు నిమిషములకొకమారు చేతులు మారవలెనని వైద్యులు చెప్పుచున్నారు. బండితో వచ్చినది ఇద్దరే. డ్రైవరునకు ఈ పని రానిచో రెండవవాడు ఎవనితో చేతులు మారును?

నాలుగవది ఊరు తెలియుట. సెల్‌ఫోనులో దారి చూపు పటమున్నది గదా యందురు. ఆ పటము అవెన్యూ రోడ్డులో తోపుడుబండి అడ్డమున్నదని చెప్పదు. చిక్కపేట సందులో స్ట్రెచరు ఎంతదూరము పోగలదో చెప్పదు. మన కేంద్ర పట్టు మండలి పేరుమీద పిలువబడు సిల్కుబోర్డు కూడలి బండ్లు నిలిచిపోవుటకు దేశమంతట పేరుపడిన సంగతి పాఠకులెరుగుదురు. ఏ వేళకు ఏ దారి మూసుకొనిపోవునో తెలిసినవాడు పది నిమిషములు మిగుల్చును. అట్లే ఏ ఆసుపత్రిలో ఏ వైద్యమో తెలియవలెను. తలకు దెబ్బ తగిలినచో నిమ్హాన్స్, గుండెకైనచో జయదేవ, ఎముకలకైనచో సంజయ్ గాంధీ సంస్థ, పసిబిడ్డలకైనచో ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, కాలిన గాయములకైనచో 1900లో తెరచిన మన విక్టోరియా ఆసుపత్రి. ఎక్కడికి పోవలెనో నిర్ణయించుట వైద్యుల పని, కంట్రోలు గది పని. అయినను అడుగువారు లేనిచోట బంధువులు చూచునది డ్రైవరు మొగమే. తప్పుచోటికి పోయి తిరిగి బయలుదేరుటలో పోవు కాలము మరల రాదు. దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంటను ‘బంగారు గడియ’ యని 2019 సవరణలో చట్టమే పేర్కొన్నది. రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి నియమిత ఆసుపత్రులలో ఏడు దినములవరకు 1,50,000 రూపాయలు మించకుండ నగదు లేని వైద్యము చేయవలెనని 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము పథకము ప్రకటించినది. ఈ సంగతి తెలిసిన డ్రైవరు డబ్బు లేదని బెదరిపోవు బంధువులకు రెండు మాటలు ధైర్యము చెప్పగలడు.

ఐదవది మాట. ఇందులో మన పిల్లలకు ఒక మేలున్నది. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, షెడ్డులో తమిళమో హిందూస్తానీయో వినుచు పెరిగినవారు మనవారు. చింతామణి, బాగేపల్లి, పావగడల నుండి పెద్ద ఆసుపత్రులకు వచ్చు ముసలివారికి తెలుగు తప్ప మరొక భాష రాదు. “అవ్వా, ఎక్కడ నొప్పిగా ఉన్నది?” అని వారి మాటలో అడుగువాడు ముందు సీటులో ఉన్నచో వెనుక భయము సగము తగ్గును.

లోకములో ఒక ఉదాహరణ

చదువు తక్కువైన మన పిల్లలకు ఇవన్నియు ఒంటపట్టునా యను సందేహము కొందరికున్నది. అమెరికాలో పిట్స్‌బర్గు నగరమున హిల్ డిస్ట్రిక్ట్ అను నల్లవారి పేటలో 1967లో ఒక సేవ మొదలైనది. దాని పేరు ఫ్రీడం హౌస్. అప్పటివరకు ఆ నగరములో రోగులను పోలీసు బండ్లలోనో, శవములను మోయు బండ్లలోనో వేసికొనిపోవుచుండిరి. పీటర్ సఫార్ అను వైద్యుడు పూనుకొని, పనిలేక తిరుగుచున్నారని జనము పెదవి విరిచిన ఆ పేట యువకులను చేరదీసి నెలల తరబడి శిక్షణ ఇప్పించినాడు. దారిలోనే వైద్యము చేయుచు రోగిని తెచ్చు పద్ధతికి ఆ దేశములో మొదటి బాట వేసినవారిలో ఆ యువకులున్నారు.

ఈ కథకు రెండవ సగమున్నది; అది కూడ మన పాఠకులు వినదగినది. 1975లో నగర ప్రభుత్వము తన సొంత సేవను పెట్టుకొన్నది. ఫ్రీడం హౌస్ మూతపడినది. దానిలో పనిచేసినవారిలో కొత్త సేవలో నిలిచినవారు కొద్దిమందియే. పని నేర్చినవారు వారు. పదవులు పొందినవారు ఇతరులు. శిక్షణతోపాటు ఉద్యోగపు హక్కును కాపాడు సంఘబలము లేనిచో ఏమి జరుగునో ఇది చెప్పుచున్నది. నేతవాడు నేసిన చీరకు షావుకారు పేరుపడుట ఎరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో నీలి దీపము వెలిగించుకొని పోవు అంబులెన్సు నడుపువారికి కొన్ని వారముల ప్రత్యేక శిక్షణయు, పరీక్షయు ఉన్నవి. ఆ దేశపు ధనము మనకు లేదనవచ్చును. మేమడుగునది వారి బండ్లను కాదు, వారి పాఠములను.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: నేత సంఘము డ్రైవర్లను తయారుచేయుట మగ్గమునకు నీళ్ళు వదలుట కాదా? కాదని మా అభిప్రాయము. మగ్గమును నిలుపుటకు నూలు సబ్సిడీకై, సరకు కొనుగోలుకై సంఘము చేయుచున్న పోరాటము ఒకవైపు సాగవలెను. మగ్గము విడిచిన బిడ్డ మన బిడ్డ కాకుండ పోడు. వాడు పంపు డబ్బుతోనే తండ్రి మగ్గము నిలిచియున్న యిండ్లు మన పేటలో ఉన్నవి. అదిగాక ప్రథమ చికిత్స నేర్చినవాడు తిరిగి షెడ్డుకు వచ్చినను ఆ విద్య వ్యర్థము కాదు. మరమగ్గములో చేయి చిక్కుకొనుట, కరెంటు తగులుట మనకు కొత్తవి కావు. 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 150 మంది పనివారికి ఒక్క ప్రథమ చికిత్స పెట్టె చొప్పున ఉంచి, దానిని శిక్షణ పొందినవాని వశము చేయుమన్నది. ఆ చట్టము క్రిందికి రాని చిన్న షెడ్లు మనవారివే ఎక్కువ. అక్కడ పెట్టెయు లేదు, తెరువ తెలిసినవాడును లేడు.

రెండవ ఆక్షేపణ: ఆ ఉద్యోగములో జీతము అంతంతమాత్రము, ఇంత నేర్చి ఏమి లాభము? ఈ మాటలో నిజమున్నది. పన్నెండు గంటల వంతులు ఈ పనిలో సామాన్యము. జీతములు ఆలస్యమగుటను గూర్చి 108 సిబ్బంది కర్ణాటకలో ఒకటికి మించిన మార్లు ఆందోళన చేసినారు. ప్రైవేటు బండ్లలో నియామక పత్రమే ఉండదు. కొన్నిచోట్ల రోగిని ఫలాని ఆసుపత్రికి తెచ్చినందులకు డ్రైవరు చేతిలో కొంత పెట్టు దురాచారమున్నది. తక్కువ జీతమునకు అలవాటు పడినవాడు ఆ సొమ్మునకు లొంగును. దానివలన రోగి తనకు తగిన చోటికి గాక కమీషను దొరకు చోటికి పోవును. శిక్షణ లేనివాడు “ఇది తప్పు” అనజాలడు. వాని స్థానములో రేపు మరొకడు వచ్చును. చేతిలో పత్రమును, వెనుక సంఘమును ఉన్నవాడు అనగలడు. జీతము తక్కువని శిక్షణ మానుకొనుటకంటె, శిక్షణ పొంది జీతము పెంచుమని అడుగుట మేలు.

మూడవ ఆక్షేపణ: దారి యిచ్చువారు లేనప్పుడు డ్రైవరు నేర్చి ఏమి చేయును? అంబులెన్సునకు దారి ఇయ్యనివారికి ఆరు నెలలవరకు జైలో, 10,000 రూపాయల జరిమానాయో, రెండునో విధించునట్లు 2019లో చట్టము సవరించినారు. 2020 ఫిబ్రవరిలో మంగళూరు నుండి నలువది దినముల శిశువును గుండె చికిత్సకై బెంగుళూరు జయదేవ సంస్థకు సుమారు నాలుగున్నర గంటలలో చేర్చినప్పుడు దారి పొడవున పోలీసులును, ఊళ్ళ యువకులును నిలిచి బండ్లను తొలగించినారు. జనము తలచుకొన్నచో దారి దొరకునని అది చూపినది. కాని అట్టి ఏర్పాటు ఏడాదికి ఏ కొద్దిమందికో జరుగును. తక్కిన దినములలో డ్రైవరు తన నేర్పుతోనే త్రోవ చేసికొనవలెను. దారి దొరకని ఊరిలోనే నేర్పు మరింత అవసరము.

సంఘము చేయదగినవి

ఈ దిగువ సూచనలను కార్యవర్గము ముందు ఉంచుచున్నాము.

1. ఈ పనిలో చేరదలచిన ప్రతి యువకునకు ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయించవలెను. మరమగ్గపు షెడ్డులో పెరిగినవారికి వినికిడి తగ్గుట మనమెరుగుదుము. రవాణా లైసెన్సునకు కావలసిన వైద్యపత్రములో వినికిడిని, ఎఱుపు ఆకుపచ్చల భేదము గుర్తించుటను అడుగుదురు. చివర తిరస్కరింపబడి డబ్బు పోగొట్టుకొనుటకంటె మొదటనే తెలిసికొనుట మంచిది. ఈ పరీక్షలో లోపము బయటపడినవారికి వైద్యము ఇప్పించుటయు సంఘము పనియే.

2. సెంట్ జాన్ అంబులెన్సు, ఇండియన్ రెడ్‌క్రాస్ సంస్థలు ప్రథమ చికిత్స నేర్పి పత్రమిచ్చును. మన పిల్లలను జట్లుగా పంపి, ఆ రుసుమును సంఘ విద్యానిధి నుండి చెల్లించవలెను. ఇంజనీరింగు విద్యార్థికి ఇచ్చు సహాయములో ఇది ఏ మూలకు?

3. అనుభవజ్ఞుడైన పైలట్ ప్రక్కన కొన్ని వారములు కూర్చుండి పని చూచు ఏర్పాటునకై సేవాసంస్థలతోను, ఆసుపత్రులతోను సంఘము ఉత్తరప్రత్యుత్తరములు జరుపవలెను. పెద్ద నేతగాని ప్రక్కన పిల్లవాడు పోగులు అందించుచు నేర్చిన పద్ధతియే ఇది.

4. నియామక పత్రము, ప్రావిడెంటు ఫండు, ప్రమాద భీమా, వారమునకొక సెలవు లేని చోట మన సభ్యుల పిల్లలు చేరకుండ సలహా చెప్పవలెను. చేరినవారి జీతపు తగాదాలలో సంఘము తరపున ఒకరు వెంట నిలువవలెను.

5. ఆడపిల్లలను విడువరాదు. 2020లో తమిళనాడు 108 సేవలో ఒక స్త్రీ డ్రైవరుగా నియమితురాలైనది. ప్రసవవేదనతో ఉన్న తల్లిని తీసికొనిపోవు బండిలో స్త్రీ యుండుట ఎంత మేలో చెప్పనక్కరలేదు. మగ్గము ప్రక్కన ఆసు పోసి, కండెలు చుట్టి సగము పని చేసినది ఎప్పుడును స్త్రీలే. పేరు మాత్రము పురుషులది. కొత్త వృత్తిలోనైనను ఆ అన్యాయము రాకుండ చూడవలెను.

6. అపాయకరమైన సరకు మోయువారికి ఉన్నట్లే అంబులెన్సు డ్రైవర్లకు శిక్షణను, లైసెన్సు మీద దాని నమోదును తప్పనిసరి చేయుమని కేంద్ర రవాణా శాఖకును, రాష్ట్ర ప్రభుత్వమునకును తీర్మానము పంపవలెను. అట్టి నియమము వచ్చిన దినమున మన పిల్లలు ముందే సిద్ధముగా ఉందురు.

ఇందులో దేనికిని లక్షలు అక్కరలేదు. కావలసినది కార్యవర్గములో ఇద్దరు ముగ్గురి శ్రద్ధయు, ఒక పద్దు పుస్తకమును మాత్రమే. ఇరువదిమంది పిల్లలతో మొదలుపెట్టినను చాలును.

తల్లిదండ్రులకు ఒక మాట. కుమారుడు అంబులెన్సు నడుపుచున్నాడని చెప్పుకొనుటకు కొందరు సంకోచించుచున్నారు. సంబంధములు చూచునప్పుడు ‘డ్రైవరు’ అని మెల్లగా పలుకుచున్నారు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ఈ నగరమును చుట్టుముట్టినప్పుడు అయినవారే దగ్గరకు రాని దేహములను ఎత్తినవారెవరో మన పేటవారందరు చూచినారు. ఆ పని చేసినవానిని గూర్చి తలవంచుకొని చెప్పనక్కరలేదు. అయితే గౌరవము మాటతో చాలదు. పని నేర్పి, పత్రమిప్పించి, న్యాయమైన జీతము కొరకు వెంట నిలుచుటే మనము చూపగల గౌరవము.

వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము. అంబులెన్సు బండ్లలో పనిచేయుచున్న మన సంఘీయులు తమ అనుభవములను, పనిలో పడుచున్న యిక్కట్లను మాకు వ్రాసి పంపినచో, పేర్లు బయటపెట్టకుండ ప్రకటింతుము. వారి మాటలే ఆ చర్చకు మంచి ఆధారము కాగలవు.